మెయిల్ అటాచ్‌మెంట్‌లో వచ్చే ట్రోజన్ నుంచి మీ కంప్యూటర్‌ని ఎలా కాపాడుకోవాలి

బెంగళూరులో ఉండే మనవాళ్ళలో ఈ బెడద రెండు రకాల వాళ్ళకి ఎక్కువ. ఒకళ్ళు మారతహళ్ళి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉంటూ జాబ్ వెతుక్కునే పిల్లలు. కనపడిన ప్రతి కన్సల్టెన్సీకీ రెజ్యూమ్ పంపుతారు కాబట్టి ముక్కూమొహం తెలియని అడ్రస్ నుంచి మెయిల్ వస్తే అనుమానం రాదు, పైగా సంతోషం వస్తుంది. ఇంకొకళ్ళు పీణ్య, బొమ్మసంద్ర వైపు చిన్న యూనిట్లలో, చిక్కపేట హోల్‌సేల్ షాపుల్లో అకౌంట్స్ చూసుకునేవాళ్ళు. కొటేషన్, పర్చేజ్ ఆర్డర్, ఇన్వాయిస్, పేమెంట్ అడ్వైజ్ ఇలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అటాచ్‌మెంట్లు తెరవడమే వాళ్ళ పని. అందుకే "తెలియనివాళ్ళు పంపిన అటాచ్‌మెంట్ తెరవద్దు" అని అందరూ చెప్పే సలహా వీళ్ళకి ఎందుకూ పనికిరాదు, తెరవకపోతే జీతం రాదు కదా. కాబట్టి తెరవక తప్పనివాళ్ళు ఎలా తెరవాలి, పొరపాటున ఒక క్లిక్ పడినా మొత్తం పోకుండా సిస్టమ్‌ని ముందే ఎలా సర్దుకోవాలి, ఈ రెండూ చెప్తాను. విండోస్ వాడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, మన చిన్న ఆఫీసుల్లో దాదాపు అదే ఉంటుంది కాబట్టి.

ముందు ఒక విషయం. ట్రోజన్ అంటే మంచి ఫైల్ వేషంలో వచ్చే దొంగ ప్రోగ్రామ్, అది దానంతట అది లోపలికి రాదు. మెయిల్ వచ్చి ఇన్‌బాక్స్‌లో కూర్చున్నంత మాత్రాన మామూలుగా ఏమీ కాదు, ఎవరో ఒకరు దాన్ని డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ చెయ్యాలి, లేదా లోపల "ఎనేబుల్" అనే బటన్ నొక్కాలి. పంపేవాడి తెలివంతా మీచేత ఆ పని చేయించడంలోనే ఉంటుంది. అంటే మెయిల్ చూడటానికీ క్లిక్ చెయ్యడానికీ మధ్య ఉన్న ఆ కొద్ది క్షణాలు మీ చేతిలో ఉన్నట్టే.

స్టెప్ 1: ఫైల్ అసలు పేరు కనపడేలా చేసుకోండి

అన్నిటికంటే ముందు ఇది చెయ్యండి, మిగతావి రేపు చేసినా పర్లేదు. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్‌ని, అంటే అది ఏ రకం ఫైలో చెప్పే అక్షరాలని దాచేస్తుంది. "పర్చేజ్ ఆర్డర్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అని పేరు పెట్టి పంపితే చివరి ఈఎక్స్ఈ దాగిపోయి మీకు "పర్చేజ్ ఆర్డర్ డాట్ పీడీఎఫ్" అని మాత్రమే కనపడుతుంది. ఐకాన్ కూడా ఎర్రటి పీడీఎఫ్ బొమ్మే పెడతారు, ఎందుకంటే ప్రోగ్రామ్ ఫైల్‌కి ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ తగిలించుకోవచ్చు. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ఐలవ్‌యూ వైరస్ కూడా సరిగ్గా ఈ ట్రిక్కే వాడింది, ప్రేమలేఖ అని పేరు, చివర టీఎక్స్‌టీ అని కనపడుతుంది, దాని వెనకాల దాగి ఉన్నది వీబీఎస్ అనే స్క్రిప్ట్, అంటే డబుల్ క్లిక్ చేస్తే నడిచే చిన్న ప్రోగ్రామ్. ఇన్నేళ్ళు గడిచినా ఆ దాచే సెట్టింగ్ మారలేదు, మనమే మార్చుకోవాలి.

విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్ బాక్స్ ఉంటుంది. అదే వ్యూలో డీటెయిల్స్ అని పెట్టుకుంటే పేరు పక్కన టైప్ అనే కాలమ్ వస్తుంది, దాన్ని చూడటం అలవాటు చేసుకోండి. పేరులో ఏమున్నా, బొమ్మ ఏదున్నా, ఆ కాలమ్‌లో "అప్లికేషన్" అని ఉంటే అది డాక్యుమెంట్ కాదు, ప్రోగ్రామ్. పేరులో కనపడని అక్షరం ఒకటి దూర్చి చివరి అక్షరాలు వెనక నుంచి ముందుకి కనపడేలా చేసే ట్రిక్ కూడా ఉంది, దానికీ ఈ కాలమే మందు.

ఒక్కటి గుర్తుంచుకోండి, షార్ట్‌కట్ ఫైల్స్ అంటే ఎల్ఎన్‌కే ఫైల్స్ మాత్రం ఆ టిక్ పెట్టినా ఎక్స్‌టెన్షన్ చూపించవు. వాటిని టైప్ కాలమ్‌లో "షార్ట్‌కట్" అనే మాట చూసి పట్టుకోవాలి, ఐకాన్ మూలలో చిన్న బాణం కూడా ఉంటుంది. మెయిల్‌లో వచ్చిన జిప్ లోపల షార్ట్‌కట్ ఉండాల్సిన అవసరం ఎవరికీ ఉండదు, ఉందంటే ఇంకేం ఆలోచించొద్దు, తెరవకండి.

స్టెప్ 2: మెయిల్‌ని చదివే పద్ధతి మార్చుకోండి

ఒక నమూనా తీసుకుందాం. శనివారం మధ్యాహ్నం, ఆఫీసు మూసే టైమ్‌కి ఒక మెయిల్ వస్తుంది. పంపినవాళ్ళ పేరు దగ్గర "పర్చేజ్ డిపార్ట్‌మెంట్" అని ఉంటుంది. లోపల రెండే ముక్కలు, మీ కంపెనీ గురించి మా పాత కస్టమర్ చెప్పారు, అర్జెంట్ ఆర్డర్ ఉంది, స్పెసిఫికేషన్ అటాచ్ చేశాం, ఈరోజే రేటు పంపండి అని. కింద సంతకంలో పెద్ద కంపెనీ లోగో, అడ్రస్, ఫోన్ నంబర్ అన్నీ ఉంటాయి. జీఎస్టీ నంబర్ కూడా ఉంటుంది. అటాచ్‌మెంట్ ఒక జిప్, పాస్‌వర్డ్ 1234 అని మెయిల్‌లోనే రాసి ఉంటుంది.

ఇందులో ఎక్కడ చూడాలి? ముందు పేరు మీద క్లిక్ చేసి అసలు మెయిల్ ఐడీ చూడండి, పెద్ద కంపెనీ అని చెప్పుకుంటూ సంబంధం లేని డొమైన్ (ఐడీలో @ తర్వాత ఉండే పేరు) నుంచి వచ్చిందా అని. తర్వాత "టు" దగ్గర చూడండి, మీ పేరు లేకుండా ఖాళీగా ఉంటే ఆ మెయిల్‌ని ఒకేసారి చాలామందికి తోశారనుకోవచ్చు. మెయిల్‌లో మీరు ఏం తయారుచేస్తారో ఒక్క ముక్కైనా ఉందా అని చూడండి, నిజంగా కొనేవాడు "ఈ సైజు ఫ్లాంజ్ ఎంత" అని అడుగుతాడు, ఉత్తినే "ఆర్డర్ ఉంది" అనడు. అన్నిటికంటే ముఖ్యం ఆ పాస్‌వర్డ్. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టేది మీ భద్రత కోసం కాదు, పాస్‌వర్డ్ ఉంటే మెయిల్ కంపెనీ స్కానర్ లోపలికి చూడలేదు, అందుకని పెడతారు. నిజంగా రహస్యం అయితే పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్తారు, అదే మెయిల్‌లో రాయరు.

జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" అని ఉంటుంది, అక్కడ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు లైన్లు చూపిస్తుంది, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలవి. అక్కడ ఫెయిల్ అని ఉంటే ఆ డొమైన్ పేరు దొంగతనంగా వాడుకున్నారేమో అని గట్టిగా అనుమానించాల్సిందే. కానీ అన్నీ పాస్ అయ్యాయి కదా అని నమ్మేయకండి, అది ఏ డొమైన్ నుంచి వచ్చిందో చెప్తుంది అంతే, పంపిన అకౌంట్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చెప్పదు. ఇమోటెట్ అని ఒక ట్రోజన్ ఉండేది, 2014లో బ్యాంకు వివరాలు కొట్టేయడానికి మొదలై తర్వాత చాలా పెద్దదైపోయింది. అది సోకిన కంప్యూటర్‌లోంచి పాత మెయిల్స్ ఎత్తుకెళ్ళి, ఆ పాత సంభాషణకే రిప్లై ఇచ్చినట్టుగా అటాచ్‌మెంట్ పంపేది. మీరు పోయిన నెల సప్లయర్‌తో నిజంగా మాట్లాడిన మెయిలే కింద కనపడుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి. 2021 జనవరిలో యూరప్, అమెరికా పోలీసులు కలిసి దాని సర్వర్లు పట్టుకున్నారు, అదే ఏడాది నవంబర్‌లో మళ్ళీ తిరిగొచ్చింది.

కాబట్టి తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి అనుకోని అటాచ్‌మెంట్ వస్తే ఫోన్ చెయ్యండి. మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాదు, మీ ఫోన్‌లో ముందే సేవ్ అయి ఉన్న నంబర్‌కి. "అన్నా, ఇప్పుడు ఏదైనా ఫైల్ పంపారా" అని అడగడానికి అర నిమిషం పట్టదు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు అని వచ్చిందనుకోండి, చాలామంది భయంతోనే తెరుస్తారు, దానికి వేరే దారి ఉంది. 2019 అక్టోబర్ 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు పంపే నోటీసులకి డిన్ (డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబర్) అనే నంబర్ ఉంటుంది. అటాచ్‌మెంట్ ముట్టుకోకుండా ఈ-ఫైలింగ్ పోర్టల్ అడ్రస్ మీరే టైప్ చేసుకుని వెళ్ళండి, హోమ్ పేజీలోనే నోటీసు అసలుదో కాదో చూసుకునే ఆప్షన్ ఉంటుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. లాగిన్ అయితే ఈ-ప్రొసీడింగ్స్‌లో మీ పేరు మీద నిజంగా ఏదైనా ఉంటే కనపడుతుంది. జీఎస్టీ నోటీసు అన్నా అంతే, పోర్టల్‌లోకి లాగిన్ అయి చూడండి. కొరియర్ ఆగిపోయింది అంటే ఆ కొరియర్ సైట్‌లో ట్రాకింగ్ నంబర్ కొట్టండి. జాబ్ ఆఫర్ లెటర్ జిప్‌లో వచ్చిందంటే, ఇంటర్వ్యూనే జరగకుండా ఆఫర్ ఎలా వస్తుంది తమ్ముడూ, ఒక్కసారి ఆలోచించు. కంపెనీ వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ చూసి అక్కడి నుంచి కనుక్కో.

స్టెప్ 3: తెరవాల్సే వస్తే ఇలా తెరవండి

డౌన్‌లోడ్ చెయ్యకుండా మెయిల్‌లోనే ప్రివ్యూ చూడండి. జీమెయిల్‌లో పీడీఎఫ్, వర్డ్, ఎక్సెల్ అన్నీ బ్రౌజర్‌లోనే చూడొచ్చు, అప్పుడు లోపలి మాక్రో, అంటే ఫైల్‌లోనే దాగి ఉండే చిన్న ప్రోగ్రామ్, మీ కంప్యూటర్‌లో నడవదు. రేటు ఇవ్వడానికి స్పెసిఫికేషన్ చదివితే చాలు కదా, ఫైల్ మీ డెస్క్‌టాప్ మీద ఉండాల్సిన పని లేదు. ప్రివ్యూలో మసక బొమ్మ కనపడి "పూర్తి డాక్యుమెంట్ కోసం ఇక్కడ క్లిక్ చెయ్యండి" అని లింక్ ఉంటే అక్కడితో ఆపేయండి.

డౌన్‌లోడ్ చేసిన వర్డ్ ఫైల్ తెరిస్తే పైన పసుపు పట్టీలో ఎనేబుల్ ఎడిటింగ్ అని వస్తుంది. చదవడానికి అది నొక్కక్కర్లేదు. "ఈ ఫైల్ పాత వెర్షన్‌లో తయారైంది, చూడాలంటే ఎనేబుల్ ఎడిటింగ్, తర్వాత ఎనేబుల్ కంటెంట్ నొక్కండి" అని ఫైల్ లోపలే బొమ్మ రూపంలో రాసి ఉంటే అది ట్రోజనే అనుకోండి, వర్డ్ ఎప్పుడూ అలా పేజీ మధ్యలో రాసి అడగదు. 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలని ఆపేస్తోంది, ఎర్ర పట్టీ వస్తుంది. కానీ మన దగ్గర కొన్ని చోట్ల ఇంకా 2010 లాంటి పాత ఎంఎస్ ఆఫీసే నడుస్తోంది, దానికి ఈ రక్షణ లేదు. అందుకని వర్డ్, ఎక్సెల్ రెండిట్లోనూ ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, మాక్రో సెట్టింగ్స్‌కి వెళ్ళి, నోటిఫికేషన్ కూడా లేకుండా మాక్రోలు డిసేబుల్ అనేది పెట్టేయండి. మీ ఎక్సెల్ షీట్లలో మాక్రోలు నిజంగా వాడుతుంటే ఆ ఒక్క మెషీన్‌కి మినహాయింపు ఇచ్చుకోండి.

మాక్రోలు ఆగిపోయాక దొంగలు ఊరుకోలేదు, ఐఎస్ఓ ఫైల్స్ (సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌లో పెట్టినట్టుండేవి), షార్ట్‌కట్లు, 2023లో అయితే మైక్రోసాఫ్ట్ నోట్స్ యాప్ వన్‌నోట్ ఫైల్స్ కూడా పంపారు. హెచ్‌టీఎంఎల్ అంటే వెబ్ పేజీ అటాచ్‌మెంట్ ఇంకో రకం, తెరిస్తే బ్రౌజర్‌లోనే ఒక జిప్ తయారై డౌన్‌లోడ్ అయిపోతుంది, మెయిల్ స్కానర్‌కి దొరకదు. ఇన్వాయిస్ పీడీఎఫ్‌గా వస్తుంది, లేదా ఎక్సెల్‌గా వస్తుంది. ఐఎస్ఓగా, హెచ్‌టీఎంఎల్‌గా రాదు. ఈ ఒక్క రూల్ అకౌంట్స్ టేబుల్ దగ్గర కాగితం మీద రాసి అంటించుకున్నా తప్పులేదు.

వైరస్‌టోటల్ సైట్‌లో ఫైల్ అప్‌లోడ్ చేస్తే చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి చెక్ చేసి చెప్తుంది, ఉచితమే. కాకపోతే అక్కడ పెట్టిన ఫైల్‌ని సెక్యూరిటీ కంపెనీల వాళ్ళు చూడగలరు, కాబట్టి పాన్, ఆధార్, కస్టమర్ డ్రాయింగ్స్ ఉన్న ఫైల్ అక్కడ పెట్టకండి. ఇంకోటి, ఏ యాంటీవైరస్సూ పట్టుకోలేదంటే మంచిదని కాదు, ఆ ఫైల్ పొద్దున్నే తయారై ఉండొచ్చు, అనుమానం ఉంటే సాయంత్రం మళ్ళీ చెక్ చెయ్యండి.

స్టెప్ 4: క్లిక్ పడినా తట్టుకునేలా సిస్టమ్ సర్దుకోండి

ఎంత జాగ్రత్తపరులైనా మార్చి 31 ముందు రోజుల్లో అలసిపోయి ఒకటి నొక్కేస్తారు. దానికి రెడీగా ఉండాలి.

జేఎస్, వీబీఎస్, హెచ్‌టీఏ అనే స్క్రిప్ట్ ఫైల్స్ ఎప్పుడూ నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకునేలా కట్టేయండి. డెస్క్‌టాప్ మీద ఖాళీ టెక్స్ట్ ఫైల్ ఒకటి చేసి, దాని ఎక్స్‌టెన్షన్‌ని జేఎస్ అని మార్చి, రైట్ క్లిక్, ఓపెన్ విత్, నోట్‌ప్యాడ్, ఆల్వేస్. మిగతా రెండిటికీ అలాగే. ఇక ఎవరైనా పొరపాటున అలాంటి అటాచ్‌మెంట్ మీద డబుల్ క్లిక్ చేస్తే అది నడవదు, పిచ్చి అక్షరాలతో నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది అంతే.

విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఇంటికీ చిన్న ఆఫీసుకీ సరిపోతుంది, డబ్బు పెట్టి వేరేది కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం. కానీ అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. విండోస్ సెక్యూరిటీలో రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. కిందే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది, డిఫెండర్ వెతక్కుండా వదిలేసే చోట్ల లిస్టు, అది తప్పకుండా తెరిచి చూడండి. క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసినవాళ్ళు చాలాసార్లు సీ డ్రైవ్ మొత్తాన్ని అక్కడ పెట్టి వెళ్ళిపోతారు, అంటే డిఫెండర్ ఉన్నా లేనట్టే, కాపలావాడిని పెట్టుకుని కళ్ళకి గంతలు కట్టినట్టు. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంకా అదే వాడుతుంటే పొడిగించిన అప్‌డేట్స్‌కి నమోదు చేసుకోండి లేదా 11కి మారండి.

రోజూ వాడే అకౌంట్‌ని అడ్మిన్‌గా ఉంచకండి. అడ్మిన్‌కి వేరే యూజర్ చేసి పాస్‌వర్డ్ పెట్టి, మీరు పని చేసేది స్టాండర్డ్ యూజర్‌గా మార్చుకోండి. ట్రోజన్ సిస్టమ్ లోతుల్లోకి పోకుండా ఇది చాలావరకు ఆపుతుంది. అయితే బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కొట్టేయడానికి దానికి అడ్మిన్ అక్కర్లేదు. ఏజెంట్ టెస్లా లాంటివి చేసేది అదే, పర్చేజ్ ఆర్డర్ పేరుతో వస్తాయి, కీబోర్డ్ మీద కొట్టేదంతా రాసుకుంటాయి, బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు ఏరుకుని పంపేస్తాయి. కాబట్టి బ్యాంకు పాస్‌వర్డ్, జీఎస్టీ పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో సేవ్ చెయ్యకండి.

ఆఫీసుల్లో ఎవరూ పట్టించుకోని ఇంకో సంగతి డీఎస్‌సీ టోకెన్. డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం ఉన్న ఆ యూఎస్‌బీ పొద్దున పెడితే రాత్రి దాకా, కొన్ని చోట్ల నెలల తరబడి సీపీయూకి అలాగే వేలాడుతూ ఉంటుంది. పిన్ కొట్టేటప్పుడు ట్రోజన్ దాన్ని రాసుకుందంటే, టోకెన్ అక్కడే ఉంది, ఇక ఆ సంతకం ఎవడైనా పెట్టొచ్చు. సంతకం అవ్వగానే తీసి బీరువాలో పెట్టండి.

బ్యాకప్ గురించి రెండు మాటలే. ట్యాలీ డేటా ఫోల్డర్, ముఖ్యమైన డాక్యుమెంట్లు వారానికోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కాపీ అయ్యాక ఆ డిస్క్ ఊడదీసి పెట్టండి. పెట్టే ఉంచితే ఫైళ్ళు లాక్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేసేస్తుంది.

స్టెప్ 5: తెరిచేశారు, ఇప్పుడేం చెయ్యాలి

ఫైల్ తెరిచినప్పుడు ఏమీ రాలేదు, నల్ల విండో ఒకటి టక్కున వచ్చి పోయింది అంటే దాదాపు అయిపోయినట్టే అనుకుని కదలండి. ఆఫీసు నడిపేవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటిది జరిగితే ఎవరు తెరిచారో వాళ్ళని అందరి ముందూ తిట్టకండి. తిడతారనే భయంతోనే అకౌంట్స్ అమ్మాయి చెప్పకుండా రెండు రోజులు దాస్తుంది, ఆ రెండు రోజుల్లోనే డబ్బు పోతుంది. వచ్చి చెప్పినందుకు మంచిపని చేశావమ్మా అనండి, అలా అంటే ఈసారి అనుమానం వచ్చిన నిమిషంలోనే చెప్తారు.

ముందు నెట్ తీసేయండి, ల్యాన్ కేబుల్ ఊడదీయండి, వైఫై ఆపండి. పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్, డీఎస్‌సీ టోకెన్ అన్నీ బయటికి తియ్యండి. ఆ కంప్యూటర్‌లో ఇక ఏ పాస్‌వర్డూ కొట్టకండి. మీ ఫోన్ నుంచి గానీ వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి గానీ ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా అన్ని పాస్‌వర్డ్‌ల రీసెట్ మెయిల్‌కే వస్తుంది. పాస్‌వర్డ్ మార్చడంతో ఆగొద్దు, గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో మీ డివైస్‌లు అనే చోట ఆ కంప్యూటర్‌ని సైన్ అవుట్ చేయించండి. మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ గుర్తుంచుకునే చిన్న ఫైల్‌ని, అంటే కుకీని ఎత్తుకెళ్తే దొంగకి పాస్‌వర్డ్‌తో పని ఉండదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు కూడా చూడండి, బ్యాంకు మెయిల్స్ మీకు కనపడకుండా వేరే చోటికి పోయేలా పెట్టి ఉండొచ్చు. తర్వాత బ్యాంకు, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పాస్‌వర్డ్‌లు మార్చండి, అన్నిటికీ టూ స్టెప్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ లాంటి రెండో చెక్ పెట్టండి.

డిఫెండర్‌లో స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది, సిస్టమ్ రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే వెతుకుతుంది, సుమారు పావుగంట. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా క్లీన్ చేసే టూల్స్ ఉచితంగా ఉన్నాయి, ఫోన్‌లో కాకుండా వేరే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి తెచ్చుకోండి. కానీ ఆ మెషీన్‌లో నెట్ బ్యాంకింగ్ చేస్తుంటే మాత్రం స్కాన్‌తో సరిపెట్టుకోకండి, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ తీసుకుని, సెటప్ ఫైల్స్ ఏవీ వెనక్కి తేకుండా విండోస్ మొత్తం కొత్తగా వేయించండి. ఎవరి చేత వేయించినా ఒరిజినల్ ఇన్‌స్టాలర్‌తోనే వెయ్యమనండి, ఒక పూట పని ఆగుతుంది, ఆగనివ్వండి.

డబ్బు కదిలిందని తెలిస్తే అదే నిమిషం 1930కి ఫోన్ చెయ్యండి, తర్వాత బ్యాంకుకి, తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్. త్వరగా చెప్తే అవతలి అకౌంట్‌లో డబ్బు ఆపడానికి అవకాశం ఉంటుంది, సోమవారం చూద్దాంలే అనుకోవద్దు. బెంగళూరులో సైబర్ నేరాలకి పోలీస్ స్టేషన్లు విడిగా ఉన్నాయి, మీ ఏరియా ఏ స్టేషన్ కిందికి వస్తుందో దగ్గర్లోని మామూలు స్టేషన్‌లో అడిగినా చెప్తారు. కన్నడ రాకపోతే భయపడకండి, కంప్లయింట్ ఇంగ్లిష్‌లో రాసి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రాన్సాక్షన్ నంబర్, ఆ మెయిల్ ప్రింట్ పట్టుకెళ్ళండి. మెయిల్ మాత్రం డిలీట్ చెయ్యొద్దు, కోపంతో చాలామంది ముందు చేసేది అదే. షో ఒరిజినల్ పేజీలో డౌన్‌లోడ్ ఒరిజినల్ నొక్కి ఆ ఫైల్‌ని తెరవకుండా ఖాళీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, అది ఏ సర్వర్ నుంచి ఏ టైమ్‌కి వచ్చిందో దర్యాప్తు చేసేవాళ్ళకి అందులోంచే తెలుస్తుంది.